ఫొటోలో పెళ్ళికూతురేదీ?

కిందటి ఎండాకాలం ఓ పెళ్ళికి టేకుమట్ల వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే పేపరు జిల్లా పేజీలో, ఓ మూల, మా పెళ్ళి ఫొటో! ఇల్లంతా దాని చుట్టూ మూగింది.

"జర చదువు బిడ్డా" అంది పెళ్ళికూతురి నాయనమ్మ.

చదివాను. ఆశీర్వదించిన నాయకుడి పేరు, వెంట వచ్చిన ఐదుగురి పేర్లు హోదాలతో సహా ఉన్నాయి.

"మా పిల్ల పేరేది?"

'నూతన వధూవరులు' అని మాత్రం ఉంది. ఫొటోలోనూ పిల్ల ముఖం నాయకుడి భుజం వెనక సగమే కనిపిస్తోంది.

నవ్వొచ్చింది గానీ, ఇది ఇవాళ్టి జబ్బు కాదు. తెలుగునాట మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు జరిపించారని చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. చట్టం 1856లోనే వచ్చినా, వెలివేస్తారని తెలిసీ పీటల మీద కూర్చున్నదెవరు? గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ. ఆ పేర్లు మనలో ఎందరికి గుర్తున్నాయి చెప్పండి? పెళ్ళి చేయించినవారు గుర్తున్నారు, చేసుకున్నవారు మరుగున పడ్డారు.

అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ 1851 సెప్టెంబరు 18 నాటి మొదటి సంచికలోనే ఓ పెళ్ళి కబురు వేసింది. చాలాకాలం ఆ పేజీ గొప్పింటివాళ్ళదే. 1992లో 'బాసలు' అని అర్థం వచ్చే శీర్షిక మొదలైంది. ఎక్కడ కలిశారు, ముందెవరు పలకరించారు, ఎవరు అలిగారు - అన్నీ అందులో రాస్తారు. ముక్కూమొహం తెలియని జంట కథైనా, మన ఇంట్లో పెళ్ళిలా చదివిస్తుంది.

మరి మన దగ్గర? 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం చేసుకోవాలంటే జంట పేర్లు అచ్చంగా కనబడే చోటు ఒకటుంది - అధికారి కార్యాలయంలో అంటించే నోటీసు. అదీ దీవించమని కాదు, ముప్పై రోజుల్లో అభ్యంతరాలుంటే చెప్పమని!

పేపరు మడిచి, నాయనమ్మే అసలు కబురు చెప్పింది. "భూపాలపల్లి బస్సుల మొదలైంది బిడ్డా. పిల్లగాడు రోజూ లేసి సీటిచ్చెటోడు. మూడేండ్లు ఇచ్చిండు, మాట్లాడలే. ఆఖరికి మా పిల్లనే అడిగింది, నువ్వెప్పుడు కూసుంటవని. మా కొడుకు ఏడాది దాకా ఒప్పుకోలే. ఇది రాయరాదు పేపర్ల?"

నేను రాస్తానన్నాను. పెళ్ళికూతురు సిగ్గుపడుతూనే చెయ్యి పట్టుకుంది.

"రాయి గానీ చిన్నమ్మా, పేర్లు మాత్రం వద్దు. మా నాయిన ఇప్పుడిప్పుడే దారిలకొస్తుండు."