సముద్రం పాలైన నీళ్ళు ఏమవుతాయి?

ప్రతి ఏడూ వరదల సీజన్ వచ్చిందంటే ధవళేశ్వరం నుంచి ఒకటే వార్త: ఇన్ని లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలు! బూడిదలో పోసిన పన్నీరన్నమాట. ఏ పార్టీ అయినా, ఏ ప్రాంతమైనా ఈ ఒక్క మాట దగ్గర అందరూ ఒకటే. ప్రాజెక్టులు కట్టాలా వద్దా అన్న గొడవలోకి నేను పోవట్లేదు. నా సందేహం చిన్నది. సముద్రం పాలైన నీళ్ళు ఆ తర్వాత ఏమవుతాయి? ఉప్పునీళ్ళలో పడీపడగానే మాయమైపోతాయా? దీనికి జవాబు దొరకడానికి మనుషులకి ఐదొందల ఏళ్ళు పట్టింది. ఆ కథలో మన వాల్తేరుకీ ఓ పాత్ర ఉంది.

1500వ సంవత్సరం. స్పెయిన్ నావికుడు విసెంతె పిన్సోన్ దక్షిణ అమెరికా పక్కగా పోతూ, నడిసముద్రంలో నీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయేంటని ఆశ్చర్యపోయాడు. పీపాలు నింపుకుని ఆ చోటుకి "తీపి సముద్రం" అని పేరు పెట్టాడు. అది అమెజాన్ నీరు. అంటే నది నీళ్ళు అంత తొందరగా కలవవని అప్పుడే తెలిసింది. ఎందుకు కలవవో మాత్రం తెలియలేదు.

అది తెలియడానికి ఓ ఓడ ఇరుక్కుపోవాల్సి వచ్చింది. 1893లో నార్వే సాహసికుడు నాన్సెన్ తన "ఫ్రామ్" ఓడలో సైబీరియా తీరం వెంట వెళ్తున్నాడు. ఓ చోట ఇంజను ఎంత తిప్పినా ఓడ ముందుకి పోనంటుంది, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు. విచిత్రమేంటంటే అక్కడ పైన నీళ్ళు దాదాపు తాగేలా ఉన్నాయి. ఓడ అడుగు నుంచి తోడిన నీళ్ళు మాత్రం బాయిలర్లో పొయ్యడానికి కూడా పనికిరానంత ఉప్పగా ఉన్నాయి! నార్వే నావికులు దీన్ని "చచ్చిన నీరు" అనేవాళ్ళు. నాన్సెన్ తిరిగొచ్చాక ఈ చిక్కుముడిని బ్యెర్క్‌నెస్ అనే ప్రొఫెసర్ ముందు పెట్టాడు. ఆయన దాన్ని ఎక్‌మన్ అనే కుర్ర విద్యార్థికి అప్పగించాడు. ఎక్‌మన్ ఓ తొట్టిలో కింద ఉప్పునీళ్ళు, పైన మంచినీళ్ళు పోసి బొమ్మ ఓడని లాగి చూశాడు. 1904లో విషయం తేల్చేశాడు. ఓడ శక్తి అంతా రెండు పొరల మధ్య, పైకి కనపడని అలలు లేపడానికే ఖర్చయిపోతోంది.

ఇందులో అసలు కిటుకు చాలా సింపుల్. ఘనపు మీటరు మంచినీళ్ళు వెయ్యి కిలోలు, సముద్రపు నీళ్ళు సుమారు 1025 కిలోలు. తేడా రెండున్నర శాతమే! కానీ మంచినీళ్ళు పైన తేలి దుప్పటిలా పరుచుకోవడానికి అది చాలు. కింది నీళ్ళతో కలవాలంటే గాలో, అలలో, పోటుపాట్లో ఎవరో ఒకరు కష్టపడి చిలకాలి. దానికితోడు భూమి తిరగడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపుకి ఒరుగుతుంది. దాంతో నదీముఖం దాటిన నీరు ఎటు పడితే అటు పోకుండా, తీరాన్ని తన కుడిచేతి పక్కన పెట్టుకుని సాగాలని చూస్తుంది. (గాలులు వేరే దిక్కుకి తోస్తే వేరే సంగతి.)

ఇప్పుడు బంగాళాఖాతం మ్యాపు చూడండి. గంగా బ్రహ్మపుత్రలు దక్షిణానికి తిరిగి సముద్రంలో పడతాయి. కుడివైపు ఎవరున్నారు? ఒడిశా, తర్వాత మనమే.

మన తీరపు నీటిని పద్ధతిగా కొలవడం 1950లలో మొదలైంది. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి వాళ్ళతో కలిసి నేవీ ఓడల మీద వెళ్ళి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహాలు కొలిచాడు. ఆ ఫలితాల్ని యూనివర్సిటీయే సంపుటాలుగా అచ్చేసింది. కానీ ఓడలో వెళ్ళినప్పుడే కొలత, లేకపోతే లేదు. ఏడాది పొడవునా లెక్క కావాలంటే ఎలా?

2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చింది. భారత తీరం వెంట ఎనిమిది చోట్ల, ఐదు రోజులకోసారి, మత్స్యకారులు మోకాల్లోతు నీళ్ళలోకి దిగి సీసా నింపి ఇవ్వాలి. అంతే! మన భాషలో చెప్పాలంటే ఐదు రోజులకోసారి నడిచే క్రాన్ జాబ్. దాని ఫలితం 2014లో అచ్చయింది. మామూలుగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. వానాకాలం చివర్లో బంగాళాఖాతం ఉత్తరాన ఆ లెక్క పది గ్రాములకి పైగా పడిపోతోంది. ఆ పల్చటి నీరు సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున మన తీరాన్ని అంటిపెట్టుకుని దక్షిణానికి నడిచి, రెండున్నర నెలల్లో దేశం కొసకి చేరుతోంది. దారి పొడుగునా కొంచెం కొంచెంగా ఉప్పెక్కుతుంది. వాళ్ళు దీనికి పెట్టిన పేరు "సముద్రంలో నది".

గంగా బ్రహ్మపుత్రలు ఏటా పోసేది సుమారు వెయ్యి ఘనపు కిలోమీటర్లు. మన లెక్కలో 35 వేల టీఎంసీలు! విశాఖ బీచిలో నిలబడి శరదృతువులో మనం చూసే సముద్రంలో గంగ వాటా ఉందన్నమాట.

"అయితే ఏంటట?" అంటారా? తుపాను సముద్రాన్ని చిలికితే కింది చల్లటి నీరు పైకొచ్చి తుపానుకే కాస్త కళ్ళెం పడుతుంది. పైన మంచినీటి దుప్పటి ఉంటే ఆ చిలకడం కష్టం, కళ్ళెమూ వదులవుతుంది. మన పెద్ద తుపానులొచ్చే అక్టోబరు, నవంబరుల్లోనే ఆ దుప్పటి మన తీరం దాటుతుంది. (1977 దివిసీమ ఉప్పెనకి ఇదే కారణమని అనట్లేదు, కానీ ఉప్పదనం కొలవకుండా తుపాను అంచనా సగమే.) ఇక నది మోసుకొచ్చే ఒండ్రు సంగతి. 2009లో వచ్చిన ఓ పరిశోధన ప్రపంచంలో కుంగుతున్న డెల్టాల్లో కృష్ణా గోదావరుల్ని లెక్కగట్టింది. ఆనకట్టల వెనక ఆగిపోతున్న ఒండ్రు అందుకో కారణం. పుస్తెలమ్మైనా తినాలనే పులస సముద్రం వదిలి గోదారి ఎక్కేది కూడా వరద నీరొచ్చినప్పుడే. కోరింగ మడ అడవి బతికేది తీపి, ఉప్పు కలిసే చోటే.

కాటన్ దొర ఆనకట్ట వద్దని డెల్టాలో ఎవరూ అనరు, నేనూ అనను. నీళ్ళు వాడుకుందాం. కానీ వాడుకున్న ప్రతి టీఎంసీ లాభం ఖాతాలో, సముద్రంలోకెళ్ళిన ప్రతి టీఎంసీ నష్టం ఖాతాలో రాసే లెక్క మాత్రం తప్పుడు లెక్క. ధవళేశ్వరం దగ్గర రోజూ క్యూసెక్కులు లెక్కపెడుతున్నాం. ఆ నీటికి అటువైపు కూడా పని ఉందని ఒప్పుకుంటే, "వృథా" అన్న మాట వాడేముందు కాస్తయినా ఆగుతాం. మీరేమంటారు?