దక్షిణ అమెరికా పాముల పోషణ: నూరేళ్ల పాఠం

పామును పట్టడం వేరు, పట్టిన పామును బతికించడం వేరు. మొదటిది చేతి నేర్పుకు సంబంధించిన పని కాగా, రెండవది ఆ జీవి పుట్టిపెరిగిన చోటు, అక్కడి వేడిమి, తేమ, అది వేటాడే ప్రాణి, ఒక వేటకూ మరో వేటకూ మధ్య అది తీసుకునే విరామం వంటి ఎన్నో సంగతుల మీద ఆధారపడిన శాస్త్రం. దక్షిణ అమెరికా పాములను మనిషి తాను కట్టిన ఆవరణలో పోషించిన చరిత్రను పరిశీలిస్తే, ఈ రెంటి మధ్య దూరాన్ని దాటడానికి దాదాపు నూరేళ్లు పట్టిందని తెలుస్తుంది. పాము నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు కాబట్టి, అది క్షీణిస్తున్న సంగతి పెంచేవారి కంటికి చాలా ఆలస్యంగా ఆనేది. తిండి ముట్టని పామును మొండిదనుకోవడమే గాని, పెట్టిన తిండి దానిది కాదన్న గ్రహింపు చాలాకాలం స్థిరపడలేదు.

ఈ చరిత్రకు కేంద్రం బ్రెజిల్‌లోని సావో పాలో నగరం. 1899లో సాంతోస్ రేవులో ప్లేగు వ్యాపించినప్పుడు, దానికి విరుగుడు సీరం తయారు చేయడానికి నగర శివారులోని బుటాంటాన్ అనే వ్యవసాయ క్షేత్రంలో ఒక ప్రయోగశాలను నెలకొల్పగా, అది 1901లో స్వతంత్ర సంస్థగా రూపొందింది. దాని తొలి సంచాలకుడైన వితాల్ బ్రజిల్ పల్లెప్రాంతంలో వైద్యం చేసిన రోజుల్లో పొలం కూలీలు పాముకాటుకు బలి కావడాన్ని దగ్గర నుంచి చూసినవాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బెర్ కాల్మెట్ నాగుపాము విషంతో తయారు చేసిన సీరం, బ్రెజిల్‌లో ఎక్కువగా కాటేసే జరరాకా అనే పింజర జాతి పాము మీద గాని, తోకతో గలగల శబ్దం చేసే కస్కవెల్ మీద గాని పనిచేయదని ఆయన నిరూపించాడు. ఏ పాము విషానికి ఆ పాము విషంతోనే విరుగుడు తయారు కావాలన్నది ఆయన స్థాపించిన సూత్రం. నేడు మన దేశంలో వాడే సీరాన్ని నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషాలతో తయారు చేయడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే.

సీరానికి విషం కావాలి, విషానికి పాములు కావాలి. అందుకోసం బుటాంటాన్ సంస్థ రైతులతో ఒక మార్పిడి పద్ధతిని నెలకొల్పింది. రైతు పొలంలో దొరికిన పామును సంస్థ ఇచ్చిన చెక్కపెట్టెలో పెట్టి పంపితే, రైల్వేలు దాన్ని ఉచితంగా చేరవేసేవి. బదులుగా రైతుకు సీరం అందేది. వచ్చిన పాములను చుట్టూ గోడ, గోడ లోపల నీటి కాలువ, గడ్డినేల మీద బోర్లించిన కుండల్లాంటి గుమ్మటపు గూళ్లు ఉన్న ఆరుబయటి సర్పశాలలో వదిలేవారు. ఆ ఏర్పాటు చూపరులను ఆకట్టుకున్నప్పటికీ, విషం తీసిన పాములు తరచుగా తిండి మానేసి కొద్దికాలానికే చనిపోయేవి. చనిపోయిన వాటి స్థానంలోకి రైలు పెట్టెల్లో కొత్తవి వస్తూ ఉండటం వల్ల, ఉన్నవాటిని బతికించే విద్యకు రావలసిన ప్రాధాన్యం వెంటనే రాలేదు.

ఆహారపు వైవిధ్యం మాత్రం ఆ తొలి రోజుల్లోనే ముసురానా రూపంలో కళ్లకు కట్టింది. ఇది ఇతర పాములను తిని బతికే నల్లని పాము. మన తూర్పు కనుమల్లోని గిరినాగుకు ఉన్న అలవాటే దీనికీ ఉంది. 1913లో బుటాంటాన్‌ను సందర్శించిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఎదుట ముసురానాకు జరరాకాను ఆహారంగా పెట్టగా, అది విషసర్పాన్ని పట్టి, మెలికలు వేసి బిగించి మింగివేసింది. జరరాకా కోరలు దిగినా ముసురానాకు హాని కలగదు, ఎందుకంటే దాని శరీరానికి ఆ విషాన్ని తట్టుకునే శక్తి ఉంది. ఇటువంటి ప్రత్యేకాహారమే పగడపు పాములకూ ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలతో మెరిసే ఈ పాములు చిన్న పాములను, నేలలో బొరియలు తవ్వుకుంటూ వానపాముల్లా కనిపించే కాళ్లులేని సరీసృపాలను తింటాయి. ఒక్కో పాము ఇచ్చే విషం అతి స్వల్పం కాబట్టి వాటి సీరానికి ఎక్కువ పాములు ఎక్కువకాలం బతకాలి. అవి బతకాలంటే ఎలుకలు చాలవు. మరోవైపు, మందకొడితనం వల్ల దోర్మిదేరా, అంటే నిద్రముఖం పాము, అని పేరు పొందిన నిరపాయకరమైన పాము కేవలం గుల్లలేని నత్తలను తింటుంది. తోటలో తేమచోట్ల వాటిని ఏరి పెట్టగలిగితే దాని పోషణ సులువు, అవి లేకపోతే అసాధ్యం.

ఒకే జాతిలో వయసును బట్టి కూడా ఆహారం మారుతుందన్న సంగతి పోషణను మరో మెట్టు ఎక్కించింది. పెద్ద జరరాకా ఎలుకలను తింటుంది గాని, దాని పిల్ల కప్పలను వేటాడుతుంది. పిల్ల తోక చివర లేతరంగులో ఉంటుంది. ఆకుల మధ్య ఒళ్లు కదపకుండా పడుకుని, ఆ కొసను మాత్రం పురుగులా మెలితిప్పుతూ ఉంటే, ఎర అనుకుని దగ్గరికి వచ్చిన కప్ప దాని నోటికి చిక్కుతుంది. అటువంటి పిల్లకు కళ్లు తెరవని ఎలుకపిల్లను పెడితే అది ముట్టకపోవడంలో వింత లేదు. కప్ప చర్మానికి రాసి ఆ వాసన పట్టించిన ఎలుకపిల్లను అందించి, క్రమంగా ఆ వాసనను తగ్గించడం పెంపకందారులు కనిపెట్టిన ఉపాయం. బతికున్న ఎలుక పామునే కొరికి గాయపరచగలదు కాబట్టి, చంపి గడ్డకట్టించిన ఎలుకను కరిగించి, వెచ్చబరచి, పొడవాటి పట్టకారుతో అందించే పద్ధతి స్థిరపడింది. వెచ్చబరచడం ఎందుకంటే, పింజర జాతుల్లో జరరాకా చెందిన వర్గానికి కంటికీ ముక్కుకీ మధ్య వేడిని పసిగట్టే గుంట ఉంటుంది. చల్లని ఎలుక దానికి ఆహారంగా తోచదు.

అన్నిటికన్నా కఠినమైన పాఠం నేర్పినది సురుకుకు, అంటే బుష్‌మాస్టర్. మూడు మీటర్లకు పైగా పెరగగల ఈ పాము అమెరికా ఖండాల పింజర జాతుల్లో అతి పొడవైనది. దాని దగ్గరి బంధువుల్లో దాదాపు అన్నీ పిల్లలను కంటుండగా, ఇది గుడ్లు పెట్టి వాటిని కాపలా కాస్తుంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాల సరీసృప విభాగాధిపతి రేమండ్ డిట్‌మార్స్ ఎంతోకాలం దీనికోసం ప్రయత్నించి 1934లో ట్రినిడాడ్ నుంచి తెచ్చాడు. అయితే ఉరితాడుతో పట్టేటప్పుడు వెన్నుకు తగిలే గాయాలు, ప్రయాణపు వేడి, నోరు తెరిచి బలవంతంగా తినిపించే పద్ధతి కలిసి ఇటువంటి పాములను బతకనిచ్చేవి కావు. ఉష్ణమండలపు పాముకు ఎండవేడి కావాలన్న నమ్మకం తప్పని, దట్టమైన అడవి నీడలోని చల్లదనం, తేమ, దాగడానికి చీకటి గూడు, దీర్ఘమైన ప్రశాంతత దానికి ప్రాణాధారమని తెలిసిన తరువాతనే అది నిర్బంధంలో గుడ్లు పెట్టి పొదిగింది. అతిగా తినిపించడమూ హానికరమేనని పచ్చని చెట్టుబోవా తెలియజేసింది. కొమ్మకు చుట్టుకుని రోజుల తరబడి కదలని ఈ పాముకు జీర్ణక్రియ నెమ్మది, అందువల్ల తరచుగా పెద్ద ఎలుకలు పెడితే కక్కివేసి నీరసిస్తుంది.

ఈ అనుభవమంతా నేడు ఒక జాతి మనుగడకు అక్కరకు వస్తున్నది. సావో పాలో తీరానికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమారు 43 హెక్టార్ల కెయిమాదా గ్రాండె ద్వీపంలో తప్ప మరెక్కడా లేని బంగారు రంగు జరరాకాను బుటాంటాన్ శాస్త్రవేత్త అఫ్రానియో దో అమరాల్ 1920ల తొలినాళ్లలో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నేలమీద తిరిగే ఎలుకలు లేని ఆ ద్వీపంలో పెద్ద పాములు వలస పక్షులను చెట్లపై పొంచి పడతాయి. పిల్లలు జెర్రులను, కప్పలను, బల్లులను తింటాయి. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న ఈ జాతిని పరిశోధన సంస్థలలో ఎలుకలకు అలవాటు చేసి, పిల్లలను పొందడం ద్వారా ద్వీపానికి ఏ విపత్తు వచ్చినా జాతి మిగిలేలా ప్రయత్నం జరుగుతున్నది.

పామును బతికించడం మనిషికి మేలు కలిగించే పని కూడా. 1960లలో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరేరా జరరాకా విషంలో గుర్తించిన పదార్థాల ఆధారంగా రూపొందిన క్యాప్టోప్రిల్ అనే రక్తపోటు మందు 1981లో అమెరికాలో అనుమతి పొందింది. అదే సమయంలో, ఈ జ్ఞానం ఇంట్లో అనకొండను పెంచుకునే సరదాకు పునాది కారాదు. అనకొండలు, బోవాలు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందపు జాబితాల్లో ఉన్నాయి; మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2024 నాటి నిబంధనల ప్రకారం అటువంటి జీవులు ఎవరి దగ్గర ఉన్నా నమోదు తప్పనిసరి. నమోదు పత్రం ఉన్నంత మాత్రాన పామును పోషించే అర్హత రాదు. అది ఏమి తింటుందో, ఎప్పుడు తింటుందో, ఎంత చల్లదనంలో తింటుందో తెలియనివారు దాన్ని అడవిలోనే వదిలి ఉంచడం ఉత్తమ పోషణ.