రిజిస్టరులో మన పేరు: డోర్నకల్ నుంచి అమీర్‌పేట దాకా ఒక పారిష్ చరిత్ర

మా బాబాయి కొడుకు అమీర్‌పేటలో హాస్టల్ గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. ఆదివారం పొద్దున పంజాగుట్ట వైపు ఒక చర్చికి పోయి చివరి బెంచీలో కూర్చుంటాడు. మూడేళ్లుగా ఇదే వరస. అయ్యగారు కనిపించినప్పుడల్లా ఒకటే మాట చెప్తారు: "మీ ఊరి పాస్టరేటు నుంచి ట్రాన్స్‌ఫర్ లెటర్ తెచ్చుకో బాబూ, ఇక్కడ సభ్యుడిగా రాసుకుంటాం." వాడు తలూపి వస్తాడు. ఒకరోజు బయటికొచ్చాక నాతో అన్నాడు: "అన్నా, ఆ కాయితం ఇస్తే నేను కిరస్తానమని రాసిచ్చినట్టే గదా. రేపు నా సర్టిఫికెట్ ఏం గావాలె?"

సభ్యత్వం లేకపోతే సంఘ కమిటీ ఎన్నికల్లో ఓటుండదు. పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించుకోవడానికి తిప్పలు. చచ్చిపోతే సమాధుల తోటలో చోటు కోసం ఎవరెవరినో బతిమాలుకోవాలి. ఇవన్నీ తెలిసే వాడు చివరి బెంచీలో కూర్చుంటున్నాడు. చర్చి రిజిస్టరులో పేరెక్కడమంటే భయపడే ఈ స్థితి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు అదే రిజిస్టరులో పేరెక్కడం మన పెద్దలకు ఏమిటి? ఈ రెండు ప్రశ్నలూ కలిపి చూస్తే తప్ప మన దగ్గర పారిష్ చర్చి చరిత్ర అర్థం కాదు.

మన చర్చిల మీద ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి మిషనరీల, బిషప్పుల జీవిత చరిత్రలు. రెండోది గోపురాల, గంటల చరిత్ర. చర్చి లోపల చాప మీద కూర్చున్నవాళ్లు ఈ రెండింట్లోనూ లెక్కలుగానే కనిపిస్తారు. ఇంతమందికి బాప్తిస్మం, ఇన్ని గ్రామాలు, అంతే. వాళ్లెవరు, ఏం ఆశించి వచ్చారు, ఏం పోగొట్టుకున్నారు అన్నది ఎవరికీ పట్టలేదు.

దండు చర్చి, వాడ చర్చి

పారిష్ అన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన ఏర్పాటు. ఫలానా హద్దుల్లో ఉన్న జనమంతా ఫలానా చర్చి కిందికి వస్తారు. వాళ్ల పుట్టుక, పెళ్లి, చావు అక్కడి పుస్తకాల్లో రాస్తారు. గురువులందరి మీదా బిషప్ ఉంటాడు. బిషప్పుల పాలన ఉన్న ఈ ఆంగ్లికన్ పద్ధతి హైదరాబాద్ రాజ్యంలోకి ముందు ఇంగ్లీషు దండుతోపాటు వచ్చింది. సికిందరాబాద్‌లో సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది, బొల్లారంలో హోలీ ట్రినిటీ 1847 నాటిది. ఇవి దొరల కోసం, సిపాయి అధికారుల కోసం కట్టినవి. 1983 నవంబరులో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ బొల్లారం చర్చికి వచ్చిపోయిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దొరల ఇళ్లలో వంట చేసిన, పిల్లల్ని మోసిన, గుర్రాలు కడిగిన మనవాళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఇప్పుడు బెంచీల మీద కూర్చునేవాళ్లలో నాకు పరిచయమైనవాళ్లెవరూ ఆ దండు చర్చి వారసులు కారు. ఆస్పత్రిలో నర్సు, కోచింగ్ సెంటర్ల కోసం వచ్చిన పిల్లలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం, రిటైరైన టీచరు. ఎవర్ని కదిలించినా ఏదో ఒక పల్లె పేరే చెప్తారు. ఖమ్మం, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లయితే తరచుగా డోర్నకల్ పేరు వస్తుంది. కాబట్టి పట్నం పారిష్ కథ పట్నంలో మొదలుకాదు. దాన్ని వాడలో వెతకాలి.

వెతుక్కుంటూ పోయింది ఎవరు?

తెలుగు నేల మీద ఆంగ్లికన్ మిషనరీలు 1841లో బందరు చేరారు. వాళ్లలో ఒకడైన రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఎవరి కోసం? పై కులాల పిల్లల కోసం. ముందు బ్రాహ్మణులు మారితే కిందివాళ్లు వాళ్ల వెనకాల వస్తారని లెక్క. మాల మాదిగ పిల్లలకు ఆ బడిలో చోటు లేదు. సువార్త కూడా మన దగ్గరికొచ్చేసరికి వర్ణ వ్యవస్థ మెట్ల మీదుగానే దిగుదామనుకుంది.

ఆ లెక్కను తప్పని తేల్చింది మిషనరీ కాదు, కృష్ణా జిల్లా రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య. ఆయన తనకు తానే దేవుడి గురించి ఆరా తీస్తూ బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దగ్గరికి పోయాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తన బంధువర్గంలో, చుట్టుపక్కల పల్లెల్లో ఆయనే ప్రచారకుడు. ఒంగోలు ప్రాంతంలో మాదిగల మధ్య బాప్టిస్టు ఉద్యమానికి దారి తీసిన ఎర్రగుంట్ల పేరయ్యదీ ఇట్లాంటి కథే. మనవాళ్లను ఎవరో బుట్టలో వేసుకున్నారు, గోధుమలకూ పాలపొడికీ అమ్ముడుపోయారు అనేవాళ్లు ఈ ఇద్దరి పేర్లూ ఒకసారి తెలుసుకోవాలి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం సామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయన. తిరునెల్వేలి దగ్గర వెళ్లాలన్‌విలైలో 1874లో నాడార్ కుటుంబంలో పుట్టాడు. కల్లుగీత వృత్తితో ముడిపడ్డ ఆ కులానికి ఒకప్పుడు గుడి ప్రవేశం లేదు. ఆయనకు అప్పజెప్పింది నిజాం రాజ్యంలోని డోర్నకల్. తర్వాతి ఏళ్లలో కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కూడా దాని కిందికి వచ్చాయి. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి ఆ మేత్రాసనంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు. అందులో అత్యధికులు మాలలు, మాదిగలు.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ చూస్తే ఇంగ్లండు చర్చిలా ఉండదు. మండపం స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిపోయి ఉంటాయి. దీన్ని చూసి కళా విమర్శకులు సమన్వయం అంటారు. నాకు మాత్రం కట్టడం కంటే ఖర్చు ముఖ్యమనిపిస్తుంది. వాడ సంఘాల్లో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉండేది. వండబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంది, వారం చివర అది సంఘానికి పోతుంది. పంట పండుగనాడు కోడి, గుమ్మడికాయ, జొన్న కంకులు చర్చికొస్తాయి, వేలం పాడతారు. దొర గడీలో వెట్టి చేసి, గింజలు కూలిగా తెచ్చుకున్న ఇంట్లోంచి పోయిన పిడికెడు అది. విదేశీ డబ్బుతో నడిచిన మతం అని నోరు పారేసుకునేవాళ్లకు ఆ కుండ కనపడదు.

పుస్తకంలో ఒక గడి

ఇక రిజిస్టరు సంగతి. ఆంగ్లికన్ బాప్తిస్మపు రిజిస్టరులో గడులుంటాయి. బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, నివాసం, తండ్రి వృత్తి, చివర గురువు సంతకం. చూడ్డానికి మామూలు కాయితమే. కానీ ఆలోచించండి. భూమి లేనివాడి పేరు పట్వారీ లెక్కల్లోకి ఎట్లా ఎక్కుతుంది? బడికి పోనివాడి పేరు హాజరు పట్టీలో ఎందుకుంటుంది? మాల, మాదిగ ఆడమనిషి పేరును తల్లిగా గుర్తించి రాసిపెట్టే పుస్తకం ఆ రోజుల్లో ఊళ్లో ఇంకెక్కడుంది?

మా నానమ్మ చెప్పేది: "దొర నోట్లె మీ తాత ఎల్లిగాడే. అయ్యగారి బుక్కుల మాత్రం ఎల్లయ్య." అక్షరం రాని మనిషి ఆ తేడా పట్టుకుంది. 'గాడు'కీ 'అయ్య'కీ మధ్య ఉన్న దూరం ఎంతో తెలియాలంటే తెలంగాణలో వెట్టి చేసిన ఇంట్లో పుట్టి ఉండాలి. మా నాన్న అయ్యగారి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. నేను యూనివర్సిటీ దాకా వచ్చాను. ఆ దారి ఆ గడి దగ్గరే మొదలైందని నేననుకుంటాను.

1936లో గాంధీ, జాన్ మాట్ అనే క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ హరిజనులకు సువార్త చెప్పడాన్ని ఆవుకు చెప్పడంతో పోల్చాడు. మంచిచెడ్డలు పోల్చుకునే తెలివి వాళ్లకు లేదని భావం. అంతకు ఒక ఏడాది ముందే, 1935 అక్టోబరులో, తాను హిందువుగా చావనని అంబేడ్కర్ యేవలాలో ప్రకటించాడు. ఎంచుకునే శక్తి మనకుందా లేదా అన్నదే అసలు తగాదా. వాడవాడలా ఉన్న రిజిస్టర్లు దానికి జవాబు. ఎంచుకున్నారు, పేరు రాయించుకున్నారు.

అట్లాగని చర్చిలో కులం చచ్చిందని చెప్తే అబద్ధమవుతుంది. ఒకే ఊళ్లో మాలలకో ప్రార్థన మందిరం, మాదిగలకో మందిరం ఉన్న చోట్లు మనకు తెలుసు. పెళ్లి సంబంధాల దగ్గర సంఘం మళ్లీ రెండు వాడలవుతుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. ఏర్పడింది. నంద్యాల ఆంగ్లికన్లు మాత్రం 1975 దాకా బయటే ఉన్నారు. ఆ నంద్యాలే 2013లో పుష్పలలితను సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్‌గా చూసింది. దేశాంతర సంఘాలు కలిశాయి, ఆడమనిషి బిషప్ అయింది. మాల, మాదిగ వాడల మధ్య గోడ కూలడానికి మాత్రం ఇంకా చాలా పని మిగిలి ఉంది. దండోరా 1994లో లేవనెత్తిన ప్రశ్న చర్చి గేటు దగ్గర ఆగిపోదు.

సాక్ష్యం ఎదురు తిరిగింది

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు అని మూడో పేరాలో రాశారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో బి.సి. జాబితాలో 'సి' గ్రూపు పెట్టి, క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వాళ్లకు 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు.

దీని అర్థం మా వాడలో చూడాలి. నన్ను బడిలో వేసేటప్పుడు మా నాన్న గర్వంగా బాప్తిస్మపు కాయితం చూపించాడు. నేను బి.సి. 'సి' అయ్యాను. మా బాబాయి చూపించలేదు. ఆయన కొడుకు ఎస్సీ. మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే మట్టిగోడ. హోటల్లో మా ఇద్దరికీ ఒకటే గ్లాసు, ఊళ్లో ఒకటే తిట్టు. అమీర్‌పేటలో గదికోసం పోతే "మీరేమిటోళ్లు?" అన్న ప్రశ్న ఇద్దరికీ ఒకటే. ప్రభుత్వం దగ్గర మాత్రం రెండు కులాలం.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో తీర్పిచ్చింది. చిన్నప్పుడు బాప్తిస్మం పొంది, చర్చికి పోతున్న మనిషి ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. అక్కడ బాప్తిస్మపు నమోదు కూడా సాక్ష్యమైంది. ఎల్లిగాణ్ని ఎల్లయ్యను చేసిన పుస్తకం ఇప్పుడు ఎల్లయ్య మనుమడి మీద సాక్ష్యం చెప్పగలదు. మతం మారితే కులం పోతుందని నమ్మేది చట్టం ఒక్కటే. కారంచేడులో అట్లా ఎవరూ నమ్మలేదు. 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపినవాళ్లు ఎవరి మతం ఏమిటని అడగలేదు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత ఉద్యమం రాష్ట్రమంతా లేచింది. చర్చి ఆవరణ మనకు ఆశ్రయం ఇవ్వగలిగింది, అందులోని పుస్తకం ఇవ్వలేకపోతోంది. తప్పు పుస్తకానిది కాదు, మూడో పేరాది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తీసేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. కమిషన్లూ తీర్మానాలూ మనకు కొత్త కాదు.

ఇక్కడ పరిశోధకుడిగా నాకొక చిక్కుంది. ఈ రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి, తడిసి అతుక్కుపోతున్నాయి. మన చరిత్రకు ఇంతకంటే దగ్గరి ఆధారం దొరకదు. ఫోటోలు తీసి అందరికీ అందుబాటులో పెట్టాలనిపిస్తుంది. కానీ అట్లా పెట్టిన ప్రతి పేజీ ఎవడి చేతిలోనో పిటిషన్ కావచ్చు. కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఏ వాడ రిజిస్టరును ఆ వాడ సంఘమే, విద్యార్థుల సాయంతో, భద్రం చేసుకోవాలి. ప్రతి సంఘం దగ్గరే ఉండాలి. బతికున్నవాళ్ల పేర్లు బయటికి పోకూడదు. ముసలివాళ్లు పోకముందే పేర్ల వెనకున్న కథలు వాళ్ల నోటితోనే రాసుకోవాలి. మూడో పేరా పోయేదాకా మన చరిత్రను మనమే దాచుకుని చదువుకోవాలి. ఇది సిగ్గుపడాల్సిన విషయమే, అయితే ఆ సిగ్గు మనది కాదు.

మొన్న ఊరికి పోయినప్పుడు మా తమ్ముడి లెటర్ అయ్యగారి దగ్గర రాయించుకుని వచ్చాను. వాడు తీసుకున్నాడు. ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం కూడా చివరి బెంచీలోనే కూర్చుంటాడు.