ఎస్ఎంబి: ఒక ఇరుగుపొరుగు భాష చరిత్ర

2017 తరువాతి మాట. నేను పనిచేసే ఇంగ్లండు ఆసుపత్రిలో ఒక సోమవారం ఉదయం అల్ట్రాసౌండ్ యంత్రంనుంచి చిత్రాలు రావడం ఆగిపోయింది. యంత్రం బాగానే ఉంది, తీగ బాగానే ఉంది, చిత్రాలు చేరవలసిన ఉమ్మడి ఫోల్డరు మా అందరి తెరలమీదా తెరుచుకుంటూనే ఉంది. పాస్‌వర్డు మార్చారు, అనుమతులు సరిచూశారు, సర్వరును ఆపి మళ్ళీ నడిపించారు. ఆ రెండు రోజులూ గర్భిణుల స్కానింగు చిత్రాలను కాగితంపై ముద్రించి చేతితో మోసుకొచ్చారు.

చివరికి కంప్యూటర్ విభాగపు యువకుడొకడు యంత్రానికీ సర్వరుకూ మధ్య నడిచే సంభాషణను పట్టి చదివాడు. యంత్రం తనకు తెలిసిన ఒకే ఒక్క భాషలో పలకరిస్తోంది. సర్వరు ఆ పలకరింపుకు బదులివ్వడం లేదు. అంతకుముందు శనివారమే ఆ భాషను సర్వర్లన్నిటిలోనూ నిషేధించారు. అది ఎస్ఎంబి తొలి రూపం. ఆ నిషేధం సరైనదే. ఎందుకో తెలియాలంటే మూడు దశాబ్దాలు వెనక్కి వెళ్ళాలి.

ఎస్ఎంబి అంటే సర్వర్ మెసేజ్ బ్లాక్. 1980ల తొలినాళ్ళలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపకల్పన చేశాడు. పక్క కంప్యూటరులోని దస్త్రాన్ని సొంత డిస్కులో ఉన్నట్టే తెరవగలగడం దీని లక్ష్యం. ఒకే కార్యాలయంలో, ఒకరినొకరు ఎరిగినవారి మధ్య వాడుకకు పుట్టిన భాష ఇది. అపరిచితుడు వచ్చి తలుపు తడతాడన్న ఊహ అందులో తక్కువ. మైక్రోసాఫ్ట్ దీనిని స్వీకరించి, ఓఎస్/2 కాలపు లాన్ మేనేజర్‌లోనూ, ఆపైన విండోస్‌లోనూ పెంచింది. కొత్త తరం పాత తరంతో మాట్లాడగలగాలి కనుక పాత పలుకుబడులను తీసివేయలేదు.

ఈ భాషను బయటినుంచి నేర్చుకున్నవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో విద్యార్థిగా ఉండగా, యంత్రాల మధ్య ప్రవహించే సందేశాలను గమనిస్తూ, 1992 నాటికి యూనిక్స్ కంప్యూటర్లకు ఈ సంభాషణను నేర్పే కార్యక్రమం రాశాడు. భాష తెలియని దేశంలో భోజనశాలలో కూర్చుని, ఎవరు ఏమి అడిగితే ఏమి వడ్డిస్తున్నారో చూసి మాటలు పట్టుకోవడంతో ఆ పద్ధతిని పోల్చేవారు. మొదట పెట్టిన పేరుపై వేరొక సంస్థకు హక్కు ఉండడంతో, ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటలకోసం నిఘంటువును గాలించాడు. అలా దొరికిన పేరు సాంబా. మా ఆసుపత్రి యువకుడు చేసినదీ ఆ పనే: ఊహించడం మాని వినడం.

ఇక దోషం సంగతి. ఓఎస్/2లో దస్త్రానికి కొన్ని అదనపు లక్షణాలను జాబితాగా జతచేసే ఏర్పాటు ఉండేది. అటువంటి జాబితా అందితే విండోస్ సర్వరు చెల్లని భాగాన్ని విడిచి, మిగిలినదాని పరిమాణాన్ని దిద్దుకుంటుంది. ఆ పరిమాణం 32 బిట్ల సంఖ్య. దిద్దే ఆదేశం మాత్రం దిగువ 16 బిట్లనే మార్చింది. 65,536ను 65,373కు తగ్గించబోతే పైసగంలోని 1 చెరగక, 1,30,909 మిగిలింది. 100ని 98గా దిద్దబోయి, చివరి రెండంకెలే మార్చి 198 అని వదిలేసినట్టు. కేటాయించిన చోటు చిన్నది, పోసినది పెద్దది. సోలలో కుంచెడు పోసినట్టు పక్కనున్న జ్ఞాపకస్థానాలలోకి ఒలికింది. ఒలికినదే ఆదేశాలుగా నడిచేటట్టు అమర్చగలిగితే, పాస్‌వర్డు లేకుండానే యంత్రం పరాధీనమవుతుంది.

మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న దీనికి సవరణ విడుదల చేసింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా ఈ దోషాన్ని వాడుకునే ‘ఎటర్నల్‌బ్లూ’ సాధనాన్ని బయటపెట్టింది. అది అమెరికా జాతీయ భద్రతా సంస్థనుంచి అపహరించినదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ తరువాత బహిరంగంగా అన్నాడు. మే 12, శుక్రవారంనాడు వానాక్రై వచ్చింది. దస్త్రాలకు తాళంవేసి 300 డాలర్లు అడిగింది. ఎవరూ ఏ లంకెనూ నొక్కనక్కరలేకుండా యంత్రంనుంచి యంత్రానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఆ కార్యక్రమంలో కనిపించిన ఒక వెబ్ చిరునామాను మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు నమోదు చేయడంతో ఆనాటి వ్యాప్తి నెమ్మదించింది.

ఇంగ్లండులోని 236 ఆసుపత్రి ట్రస్టులలో కనీసం 81 దీని దెబ్బ తిన్నాయని జాతీయ ఆడిట్ కార్యాలయం ఆ అక్టోబరులో తేల్చింది. 6,912 అపాయింట్‌మెంట్లు రద్దయినట్టు లెక్క తేలింది. మొత్తం 19,000 పైనే ఉంటాయని అంచనా. అందులో క్యాన్సర్ అనుమానంతో అత్యవసరంగా పంపబడినవారు కనీసం 139 మంది. సోకిన సంస్థలన్నిటిలోనూ ఉన్నవి సవరణ వేయని, లేదా సవరణలు రావడం ఆగిపోయిన విండోస్ యంత్రాలే.

మార్చి 14కూ మే 12కూ మధ్య 59 రోజులు. టీకా సిద్ధంగా ఉంది, వేయించుకోలేదు. ఇది వైద్యులకు కొత్త కథ కాదు. టీకా కనిపెట్టడం ఒక విద్య, చివరి ఇంటిదాకా చేర్చడం వేరొక విద్య. ఆసుపత్రులలో ఆ చివరి ఇళ్ళు స్కానర్లు, ప్రయోగశాల యంత్రాలు. వాటి ఆయుష్షు పదేళ్ళ పైమాట. వాటిలోని కంప్యూటరును తాకాలంటే తయారీదారు అనుమతి కావాలి. అందుకే పాత భాషను ఆపలేరు. ఆపితే మా సోమవారం వస్తుంది, ఆపకపోతే ఆ శుక్రవారం వస్తుంది.

మా అల్ట్రాసౌండ్ యంత్రాన్ని కొన్ననాడు పత్రంమీద సంతకం చేసిన వైద్యులలో నేనూ ఉన్నాను. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందని అడిగాను. అది ఏ భాషలో మాట్లాడుతుందని అడగలేదు. ఆ తప్పులో నా వంతు నాకుంది.

నిషేధాన్ని ఎత్తివేయమని మాలో కొందరు పట్టుబట్టారు. కంప్యూటర్ విభాగం ఒప్పుకోలేదు. అంటువ్యాధి సోకినవారిని వేరుగా ఉంచినట్టు, యంత్రాన్ని మిగిలిన నెట్‌వర్కునుంచి వేరుచేసి, దానికీ సర్వరుకూ మధ్య రెండు భాషలూ తెలిసిన చిన్న కంప్యూటరు ఒకటి అమర్చారు. బుధవారం మధ్యాహ్నానికి చిత్రాలు రావడం మొదలైంది. ఆ చిన్న కంప్యూటరులో నడుస్తున్నది సాంబా.