కొలిచే చేతికీ చదువు కావాలి

జనవరి వచ్చిందంటే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వకం ఊపందుకుంటుంది. తవ్విన దుంపను ఉడికించి, ఎండబోసి, పాలిష్ పట్టి, కాడి (కొమ్ము) వేరు, గోళ (గుండ్రని దుంప) వేరు చేసి అమ్మకానికి తోలుతారు. కుప్ప ముందుకొచ్చిన ఖరీదుదారు మొదట ఒక కాడిని తీసి విరిచి చూస్తాడు. బాగా ఎండిన కాడి విరిగితే లోహం మోగినట్టు ఖంగుమంటుంది, విరిగిన చోట రంగు నిండుగా ఒకే తీరున ఉంటుంది. లోపల తడి మిగిలినా, ఉడుకు సరిగా పట్టకపోయినా ఆ చప్పుడు మారిపోతుంది. కాంటా చెప్పేది బరువు ఒక్కటే. సరుకు గుణం తెలిసేది ఆ చేతికీ ఆ చెవికీ. 2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ వచ్చి నిజామాబాద్ యార్డులో ధర కంప్యూటర్ తెర మీదికి ఎక్కినా ఈ విద్య అవసరం తీరలేదు. ఇది ఒక్క సీజన్‌లో రాదు. పెద్దవాళ్ల పక్కన నిలబడి, వందల కుప్పలు చూసి నేర్చుకోవాల్సిందే. ఈ వ్యాసం పసుపు గురించి కాదు. పసుపు తవ్వే, ఏరే, ఎండబోసే చేతుల్లోని ఎముకల గురించి, ఆ ఎముకలను కొలిచే వృత్తి గురించి. ఆ వృత్తి మన దగ్గరికి వచ్చిన చరిత్ర చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. యంత్రం త్వరగా వచ్చింది, దాన్ని చదివే చదువు వెనకబడింది. మిగతా చోట్ల ఈ వెనకబాటు కొంత నష్టంతో పోతుందేమో గానీ, తెలుగు జిల్లాల ఎముకల చరిత్ర తెలిసినవారెవరూ దీన్ని చిన్న విషయంగా తీసిపారేయలేరు.

ఎముక గట్టిదనాన్ని అంకెలో పట్టుకోవాలన్న ప్రయత్నం పాతదే. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాక విరిగిన ఎముక కంటికి కనబడింది. గుల్లబారుతున్న ఎముక మాత్రం కనబడలేదు. ఎముకలోని ఖనిజంలో మూడో వంతు దాకా కరిగిపోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా తెలియదు. 1963లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కామెరాన్, సోరెన్సన్ అనే ఇద్దరు రేడియోధార్మిక కిరణాన్ని చేతి ఎముక గుండా పంపి, ఎంత ఆగిపోయిందో లెక్కగట్టి ఖనిజాన్ని కొలిచారు. యంత్రాలు అందని దేశానికి ఇంకో దారి కావాలి. 1970లో మన్మోహన్ సింగ్ అనే భారతీయ వైద్యుడు తన సహచరులతో కలిసి ఆ దారి చూపించారు. తుంటి దగ్గర తొడ ఎముక లోపల సన్నని గీతల్లా కనిపించే అల్లిక ఏ వరసలో మాయమవుతుందో గమనించి, మామూలు ఎక్స్‌రే మీదే ఆరు మెట్లుగా విభజించారు. సింగ్ ఇండెక్స్ పేరుతో అది ప్రపంచమంతా వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది. ఇద్దరు వైద్యులు ఒకే ఎక్స్‌రేకు వేర్వేరు మెట్లు ఇస్తారన్న విమర్శ నిజమే, అందుకే వాడకం తగ్గింది. అయినా ఆ పద్ధతి కన్నును సానపట్టింది. 1987లో డెక్సా యంత్రం మార్కెట్లోకి వచ్చింది. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలను పంపి, కండను పక్కకు తీసేసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజం ఉందో అది చెబుతుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గీత గీసింది. ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చి, టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఆ గీత కోసం పోల్చింది తెల్లజాతి స్త్రీలతో అన్న మాట చాలా రిపోర్టుల్లో ఎక్కడా కనిపించదు.

ఇక మన నేల సంగతి. ప్రపంచం గుల్ల ఎముకను ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తున్న కాలంలో, తెలుగు నేల మీద వైద్యులు అంతకు పూర్తిగా భిన్నమైన ఎముకను చూశారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఈనాటి ప్రకాశం ప్రాంతంలో, తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వెన్ను కర్రలా బిగిసిపోయిన మనుషుల గురించి భారత వైద్య పరిశోధన పత్రికలో రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. దట్టమే గానీ దృఢం కాదు. ఆ తర్వాత వచ్చింది అన్నిటికంటే ఆలోచింపజేసే వ్యాసం. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్ల పిల్లల గురించి రాశారు. ఆ పిల్లల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోయాయి. వెన్నెముక ఎక్స్‌రేలో ఎముక అతిగా దట్టం, మోకాలి దగ్గరి ఎముకల్లో మాత్రం గుల్ల. ఒకే పిల్లవాడి ఒంట్లో రెండూ! ఆనాడు డెక్సా లేదు. ఉండి, వెన్ను మీద మాత్రమే స్కాన్ చేసి ఉంటే, ఆ అంకెను చూసినవారు "ఎముక బ్రహ్మాండంగా ఉంది" అని ఇంటికి పంపేవారు. నిజం తెలిసింది రెండు చోట్లా చూడాలని తోచిన మనుషుల వల్ల. అంకె దానంతట అది నిజం చెప్పదన్న పాఠం మనకు పుస్తకాల నుంచి రాలేదు, నల్గొండ పిల్లల కాళ్ల నుంచి వచ్చింది.

హైదరాబాద్‌కు ఎముకల వైద్యంతో ఉన్న బంధం కూడా గుర్తుచేసుకోవాలి. ఈనాటి నిమ్స్ 1960లలో నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల దవాఖానగానే పుట్టింది; పేరు కూడా నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్. పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అదే సంస్థలో వీణా శత్రుఘ్న బృందం చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. తక్కువ ఆదాయ వర్గానికి చెందిన 289 మంది స్త్రీలు, వయసు 30 నుంచి 60, అందరికీ డెక్సా. తొడ ఎముక మెడ దగ్గర దాదాపు 29 శాతం మందిలో ఎముక గుల్లబారింది, ఇంకో 52 శాతం మందిలో తగ్గుదల మొదలైంది. బామ్మల జబ్బు అనుకున్నది కూలి చేసుకునే నడివయసు ఆడవాళ్ల జబ్బని తేలింది. దాదాపు అదే కాలంలో తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ నుంచి హరినారాయణ్ బృందం, ఎండ దండిగా ఉన్న రాయలసీమలో కూడా విటమిన్ డి కొరత విస్తారంగా ఉందనీ, భోజనంలో కాల్షియం తక్కువనీ, అందులో చాలా భాగాన్ని ధాన్యంలోని ఫైటేట్ అనే పదార్థం ఒంటికి పట్టనివ్వదనీ చూపించింది. ఎండలో పనిచేసే పల్లె జనం నగరవాసుల కంటే కొంత మెరుగు, కానీ వాళ్లలోనూ విటమిన్ డి నిండుగా లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. డెక్సా కొలిచేది వైశాల్యానికి ఖనిజం. ఎముక చిన్నదైతే, గుల్ల కాకపోయినా అంకె తగ్గుతుంది. పొట్టిగా, సన్నగా ఉండే తెలుగు స్త్రీని తెల్లజాతి యువతి సగటుతో పోలిస్తే జబ్బును ఎక్కువ చేసి చూపినట్టు కాదా? కొంత అవును. అందుకే భారత వైద్య పరిశోధన మండలి 2010లో భారతీయ స్త్రీపురుషుల ఎముక సాంద్రతకు మన ప్రమాణాలను ప్రచురించింది. నెలసరి ఆగని స్త్రీకి టీ-స్కోర్ కాకుండా, ఆమె ఈడువారితో పోల్చే జెడ్-స్కోర్ చూడాలని అంతర్జాతీయ నియమం కూడా ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషి రిపోర్టు రాస్తే ఆక్షేపణకు జవాబు అక్కడే దొరుకుతుంది. తెలియని మనిషి రాస్తే ముప్పై అయిదేళ్ల ఆమె భయంతో మందులు మింగుతుంది. కాబట్టి ఈ ఆక్షేపణ కొలతకు అడ్డం కాదు, కొలిచేవారి చదువు ఎందుకో చెప్పే సాక్ష్యం.

ఆ చదువులో ఏముంటుంది? బయటివాళ్లకు ఇది బటన్ నొక్కే పనిలా కనిపిస్తుంది. తుంటిని స్కాన్ చేసేటప్పుడు కాలిని లోపలికి 15 నుంచి 25 డిగ్రీలు తిప్పి కట్టాలి. తిప్పకపోతే తొడ ఎముక మెడ పొట్టిగా పడి అంకె మారిపోతుంది. ప్రతి టెక్నీషియన్ తన చేతి తప్పును తానే కొలుచుకోవాలి: 15 మందిని మూడేసిసార్లు గానీ, 30 మందిని రెండేసిసార్లు గానీ, మధ్యలో లేపి మళ్లీ పడుకోబెట్టి స్కాన్ చేసి చూడాలి. వెన్ను దగ్గర ఆ తప్పు 1.9 శాతానికి మించకూడదు. 1.9ని, నిజమైన మార్పును తేల్చడానికి వాడే 2.77 గుణకంతో గుణిస్తే సుమారు 5.3. అంటే రెండు స్కాన్ల మధ్య తేడా 5.3 శాతం దాటితే తప్ప ఎముక నిజంగా మారిందని చెప్పడానికి వీల్లేదు. నెలసరి ఆగాక ఏడాదికి పోయేది సాధారణంగా ఒకటి రెండు శాతం. కాబట్టి ఏడాదికోసారి స్కాన్ తీసి "మూడు శాతం తగ్గింది, మందు మార్చాలి" అంటే, ఎముకలో మార్పో చేతిలో తప్పో ఎవరికీ తెలియదు. 1993లో ఏర్పడిన అంతర్జాతీయ క్లినికల్ డెన్సిటోమెట్రీ సంఘం ఈ నియమాలన్నీ రాసి, రిపోర్టు రాసే వైద్యులకు ఒక పరీక్ష, యంత్రం నడిపేవారికి ఇంకో పరీక్ష పెట్టింది. బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్లు ఎముక సాంద్రత రిపోర్టులు రాయడం నేర్చుకునే పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సులు ఉన్నాయి. మన దగ్గర ఎముకల వైద్యులు, రేడియాలజిస్టులు, ఎండోక్రైనాలజిస్టులు తమ తమ పీజీలో ఇందులో కొంత భాగం చదువుతారు. స్కాన్ గదిలో రోగి కాలు తిప్పి కట్టే టెక్నీషియన్‌కు డిప్లొమా సిలబస్‌లో ఎక్స్‌రే, సీటీ పాఠాల పక్కన దీనికి దక్కే చోటు చాలా చిన్నది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తులకు చదువు ప్రమాణాలు పెట్టే అధికారం ఇచ్చింది. దారి ఉంది, నడవాలి.

స్కాన్ లేకుండా లెక్క కట్టే పద్ధతి ఉంది గదా, దీనికి ఇంత చదువు ఎందుకని అడిగేవారున్నారు. 2008లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫ్రాక్స్ లెక్క అలాంటిదే. వయసు, బరువు, గతంలో ఎముక విరిగిందా, తల్లిదండ్రులకు తుంటి విరిగిందా అని అడిగి పదేళ్లలో ఎముక విరిగే అవకాశం చెబుతుంది. మంచి సాధనమే, మన ఊళ్లకు వాడదగ్గదే. కానీ అది "ఏ బోరు నీళ్లు తాగారు?" అని అడగదు. ఆ ప్రశ్న అడగాలని తెలిసేది నల్గొండ చరిత్ర చదివినవారికే. ఇంకొందరు ఇంకా గట్టిగా అడుగుతారు: పేదలకు కావలసింది పాలు, పప్పు, గుడ్డు, లక్షలు పోసి యంత్రాలా? అందులో పెద్ద సత్యం ఉంది. శత్రుఘ్న బృందం అధ్యయనం కూడా బక్కచిక్కిన ఒంటికీ గుల్ల ఎముకకూ ఉన్న ముడినే చూపించింది. అయినా ఆ 289 మందిని కొలవకపోతే, కూలి ఆడవాళ్ల నడుంనొప్పి ఆకలి లెక్కల్లోకి ఎక్కేదే కాదు. సరైన కొలత పేదల తరఫున సాక్ష్యం చెబుతుంది, తప్పుడు కొలత వాళ్ల చేత మందుల బిల్లు కట్టిస్తుంది.

ఆర్మూర్ ప్రాంతంలో ఈ వాదన పుస్తకంలోది కాదు. పొద్దంతా వంగి పసుపు ఏరే ఆడవాళ్ల వెన్నుపూసలు అరిగిపోతాయి. అరిగిన చోట పెరిగే ముళ్లలాంటి ఎముక స్కాన్‌లో ఖనిజంగానే లెక్కకొస్తుంది. లోపల గుల్లబారిన వెన్నుకు "నార్మల్" అని రిపోర్టు రావచ్చు. అలాంటి పూసను లెక్కలోంచి తీసేసి తుంటి అంకెను నమ్మాలని చదువుకున్న కన్నుకే తెలుస్తుంది. ఇంట్లో నీడన కూర్చుని బీడీలు చుట్టే వేలమంది ఆడవాళ్లున్న జిల్లా ఇది. వాళ్లకు పసుపు చేనులోని ఎండ కూడా దక్కదు. ఊళ్లలో ఉచిత శిబిరాలు పెట్టి మడమ మీద చిన్న యంత్రం ఆనించి టీ-స్కోర్ చేతిలో పెడుతుంటారు. మడమ అంకెకు మైనస్ 2.5 గీత వర్తించదని అంతర్జాతీయ నియమాల్లో స్పష్టంగా ఉంది. ఆ చీటీతో జబ్బు ఖాయం చేయకూడదు, ఆ చీటీ చూసి ధీమా పడకూడదు. బెణికిన చోట పసుపు, సున్నం పట్టువేసే ఇంటి వైద్యం వాపుకు ఓదార్పు కావచ్చు గానీ, గుల్ల ఎముకను అది నింపదు.

నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఆర్మూర్‌లో ఏరియా దవాఖాన ఉంది. హైదరాబాద్‌లో ఈ విద్యకు పునాది వేసిన పోషకాహార సంస్థ ఉంది. ఈ మూడింటినీ కలిపి, వైద్యులకూ టెక్నీషియన్లకూ నర్సులకూ ఎముక సాంద్రత మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఒకటి జిల్లాలోనే పెట్టాలి. అందులో మొదటి పాఠం 1973 నాటి నల్గొండ పిల్లల ఎక్స్‌రేలు కావాలి. అది వచ్చేదాకా పాఠకులు ఒక పని చేయవచ్చు. ఇంట్లో అమ్మకో అత్తకో స్కాన్ తీయిస్తే రిపోర్టు చేతికి తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి: తుంటి, వెన్ను రెండూ చూశారా? ఎవరితో పోల్చి ఈ అంకె ఇచ్చారు? పోయినసారి స్కాన్ ఇదే యంత్రం మీద తీసిందేనా?