పీ53 ఏమైంది?

జన్యువు చెక్కుచెదరలేదు. దాని నుంచి తయారవ్వాల్సిన ప్రోటీన్ మాత్రం కణంలో దాదాపు కనిపించడం లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో తేలిన చిక్కుముడి ఇది. ఆ ప్రోటీన్ పేరు పీ53. 1979లో బయటపడింది. డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపేది, బాగుపడే దారి లేకపోతే ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేసేది అదే. ఎన్నో క్యాన్సర్లలో దాని జన్యువే చెడిపోయి ఉంటుంది. ఇక్కడ అలా లేదు.

ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని చాలాకాలం అనుమానించారు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ ఒప్పుకోలేదు. పులిపిర్లు పుట్టించే వైరస్‌ల (హెచ్‌పీవీ) కుటుంబంలో వెతికి, 1983లో కణితుల్లో హెచ్‌పీవీ-16ను, మరుసటి ఏడాది హెచ్‌పీవీ-18ను ఆయన బృందం పట్టుకుంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి తీసి నేటికీ ప్రయోగశాలల్లో పెంచుతున్న హీలా కణాల్లోనూ ఆ 18వ రకం దొరికింది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కణితుల్లో వైరస్ డీఎన్ఏ చాలాసార్లు తెగి, మనిషి క్రోమోజోముల్లో అతుక్కుపోయి ఉంది. ఎంత భాగం పోయినా ఈ6, ఈ7 అనే రెండు జన్యువులు మాత్రం మిగిలే ఉన్నాయి, పనిచేస్తూనే ఉన్నాయి. 1990లో అసలు గుట్టు తెలిసింది. ఈ6 ప్రోటీన్ పీ53ను పట్టుకుని, పాత ప్రోటీన్లను ముక్కలు చేసే కణంలోని సొంత యంత్రాంగానికే దాన్ని అప్పగిస్తోంది. తయారైన పీ53 తయారైనట్టే మాయమవుతోంది.

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 1991 నాటిది. వైరస్ ఉన్న ముఖద్వార క్యాన్సర్ కణాల్లో పీ53 జన్యువు సవ్యంగా ఉంది. వైరస్ లేని కణాల్లో అదే జన్యువు చెడిపోయి ఉంది. దారి ఏదైనా, పీ53ను తప్పించనిదే ఈ క్యాన్సర్ ముందుకు సాగలేకపోయింది.

మరి వైరస్‌కు దీనితో పనేంటి? తన ప్రతులు తీయించుకోవాలంటే, విభజన మానేసిన కణాన్ని మళ్లీ విభజనలోకి దింపాలి. ఆ పని ఈ7 చేస్తుంది. అలాంటి అక్రమ విభజనను పసిగట్టి పీ53 కణాన్ని చంపేయబోతుంది, ఈ6 అడ్డుపడుతుంది. ఈ రెంటినీ అదుపులో ఉంచే ఈ2 జన్యువు, వైరస్ డీఎన్ఏ తెగినప్పుడు తరచూ పాడైపోతుంది. హీలా కణాల్లోకి ఈ2ను తిరిగి పంపితే ఈ6, ఈ7 మూగబోయాయి. పీ53 మళ్లీ కనబడింది, కణాల పెరుగుదల ఆగింది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. 2005లో హైదరాబాద్ పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహిళల కణితులు 41 పరీక్షిస్తే, 36లో ప్రమాదకర హెచ్‌పీవీ ఉంది. జహీరాబాద్ నుంచి బీదర్ దాటి ఇంకా పడమరకు వెళ్తే, ఒకప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలోనే ఉన్న ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా వస్తుంది. అక్కడి 52 గ్రామ సమూహాల్లో 30 నుంచి 59 ఏళ్ల మహిళలు 1,31,746 మందితో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స ఇచ్చిన సమూహంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆ పరీక్షలో వైరస్ లేదని తేలిన మహిళల్లో, అధ్యయనం సాగినన్నాళ్లూ ఈ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు.