ఇటలీ పాతకార్ల జీర్ణోద్ధరణ: హస్తకళ, ప్రామాణికత - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో ఇటలీలో కారు బాడీ నిర్మాణం ప్రధానంగా చేతిపనిగా సాగింది. ఆనాటి కార్లను నేడు బాగుచేయడం కూడా చేతిపనే. అయితే బాగుచేసే చేయి, తొలుత తయారుచేసిన చేతి ఆనవాళ్లను చెరిపివేసే ప్రమాదం ఉంది. ఈ వైరుధ్యం ఎలా ఏర్పడింది, దానికి ఇటలీ పునరుద్ధరణ సిద్ధాంతం ఏ సమాధానం చూపింది అనే అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఇటలీ, కారొజ్జేరియా, రేకుపని, జీర్ణోద్ధరణ, ప్రామాణికత, టురిన్ ఒడంబడిక.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారికి ఇటలీ కారు అనగానే గుర్తుకు వచ్చేది ఫియట్. ఫియట్ 1100 నమూనా ఆధారంగా బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసిన పద్మిని కారు దశాబ్దాలపాటు మన రోడ్లమీద తిరిగింది. దాని తలుపు పాడైతే మరో పద్మిని తలుపు తెచ్చి బిగించవచ్చు. అచ్చుయంత్రం ఒత్తిన రేకులన్నీ ఒకే కొలతలో ఉండటమే ఇందుకు కారణం. ఈ వ్యాసం పరిశీలించే కార్లు ఇందుకు భిన్నమైనవి. వాటిలో ఒక కారు తలుపు అదే నమూనాకు చెందిన మరో కారుకు సరిగ్గా అమరదు. ఒక్కొక్క రేకునూ ఒక పనివాడు సుత్తితో సాగగొట్టి, ఆ ఒక్క కారుకే సరిపడేట్లు మలిచాడు. జీర్ణోద్ధరణలోని కష్టమూ, దాని విలువా ఈ ఒక్క లక్షణం నుంచే పుట్టాయి.

2. కారొజ్జేరియాల ఆవిర్భావం:
ఇటాలియన్ భాషలో గుర్రపుబండిని 'కారొజ్జా' అంటారు. కారు బాడీలు కట్టే కర్మాగారాలకు 'కారొజ్జేరియా' అనే పేరు దానినుంచే వచ్చింది. ఫియట్ 1899లో, లాంచియా 1906లో, ఆల్ఫా 1910లో ఏర్పడ్డాయి. ఆ కాలంలో కంపెనీలు చాలా సందర్భాలలో ఇంజనుతో కూడిన చట్రాన్ని మాత్రమే అమ్మేవి. దానిపై బాడీని కొనుగోలుదారు తనకు నచ్చిన కర్మాగారంలో కట్టించుకునేవాడు. టురిన్‌లో 1912లో బెర్తోనే, 1930లో పినిన్ ఫరీనా కర్మాగారాలు వెలిశాయి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో విమాననిర్మాణంలో పనిచేసిన ఉగో జగాటో 1919లో మిలాన్‌లో సొంత కర్మాగారం పెట్టి, విమానాల తేలికదనాన్ని కార్లలోకి తెచ్చాడు. అదే నగరంలో 1926లో మొదలైన టూరింగ్ సంస్థ 1936లో 'సూపర్‌లెజేరా' పద్ధతికి పేటెంటు పొందింది. సన్నని ఉక్కుగొట్టాలతో కారు ఆకారంలో పంజరం అల్లి, దానిపై అల్యూమినియం రేకు కప్పడం ఈ పద్ధతిలోని విశేషం.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ఈ కళ ఉన్నతస్థితికి చేరింది. పినిన్ ఫరీనా రూపొందించిన చిజిటాలియా 202 కారును న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1951లో ప్రదర్శించింది. ఆ సంవత్సరమే సెర్జియో స్కాలియెట్టి మోదెనాలో తన కర్మాగారం స్థాపించి, తరవాతి కాలంలో ఫెరారీ కార్లకు బాడీలు కట్టాడు. గీసిన పటాలకంటే కంటి అంచనామీదే ఎక్కువగా ఆధారపడిన నిర్మాతగా ఆయన ప్రసిద్ధుడు.

ఈ వైభవం ఎక్కువకాలం నిలవలేదు. చట్రమూ బాడీ ఒకటిగా ఉండే నిర్మాణం వ్యాపించడంతో విడిగా బాడీ కట్టే అవకాశం తగ్గింది. భారీ అచ్చుయంత్రాలతో చేతిపని పోటీపడలేకపోయింది. 1966లో టూరింగ్ మూతపడింది. కొత్తకార్లలో అవసరం తగ్గిన నైపుణ్యానికి పాతకార్ల మరమ్మతు ఒక ఆశ్రయమైంది.

3. రేకుపని - పద్ధతులు:
రేకును సాగగొట్టి రూపమిచ్చే పనివాడిని ఇటలీలో 'బాత్తిలాస్త్ర' అంటారు. అతని పనిముట్లు చూడటానికి సామాన్యమైనవి: కొయ్యసుత్తి, ఇసుక నింపిన తోలుసంచి, గుంటచేసిన చెట్టుమొద్దు, ఇనుపదిమ్మెలు, ఆకురాయి. రేకును సంచిమీద ఉంచి కొడితే లోహం పలుచబడి గిన్నెలా లోతవుతుంది. ఆ గతుకులను దిమ్మెమీద నునుపుచేస్తూ, కొయ్యతోగాని తీగతోగాని చేసిన నమూనాచట్రానికి పదేపదే ఆనించి చూస్తారు.

కొట్టినకొద్దీ అల్యూమినియం గట్టిపడి, చివరకు పగులుతుంది. అందుచేత మధ్యమధ్య కాచి మెత్తబరచాలి. ఎర్రబడకుండానే కరిగిపోవడం అల్యూమినియం స్వభావం కనుక వేడిని కంటితో పోల్చుకోవడం కష్టం. దీనికి పనివారు కనుగొన్న ఉపాయం సబ్బు. రేకుపై సబ్బుతో గీతగీసి మంట చూపుతారు. గీత నల్లబడగానే మంట తీసేస్తారు. పరికరాలు కొలిచే పనిని అనుభవం ఈ విధంగా నెరవేర్చింది.

జీర్ణోద్ధరణలో ఈ నైపుణ్యానికి మరొకటి తోడుకావాలి. అది పాతపనిని చదవగల నేర్పు. ఉదాహరణకు, సూపర్‌లెజేరా బాడీలలో ఉక్కు, అల్యూమినియం పక్కపక్కనే ఉంటాయి. వాటిమధ్య తేమ చేరితే విద్యుద్రసాయనచర్య వల్ల అల్యూమినియం పొడిగా రాలిపోతుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా, అంచుల మడతలోపల లోహం మిగిలి ఉండకపోవచ్చు. ఆ మడతను విప్పితేగాని లోపం తెలియదు. విప్పితే తొలి పనివాడు వేసిన మడత తిరిగిరాదు. ఏ మడత విప్పాలి, దేన్ని వదలాలి అనే నిర్ణయమే ఇక్కడ అసలు పరీక్ష.

4. అతిశుద్ధి సమస్య:
చేతితో కట్టిన కారులో ఎడమవైపు, కుడివైపు అచ్చంగా ఒకేలా ఉండవు. దీపాల ఎత్తులోనూ, చక్రాలపై వంపులలోనూ తేడాలు కనిపిస్తాయి. తలుపుల లోపలివైపున, కూర్చునే సీట్ల వెనక కర్మాగారంవారు వేసిన అంకెలు ఉంటాయి. ఇవన్నీ ఆ వస్తువు పుట్టుకకు సాక్ష్యాలు. జీర్ణోద్ధరణ పేరిట ఈ తేడాలను సరిదిద్ది, కొత్తరంగుతో అద్దంలా మెరిపించిన కార్లకు పోటీలలో బహుమతులు లభించిన కాలం ఒకటుంది. అప్పుడు కారు అందంగా తయారైంది, సాక్ష్యం మాత్రం పోయింది.

డబ్బు ఈ సమస్యను తీవ్రం చేసింది. 1962-64 మధ్య 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జి.టి.ఓ.లలో ఒకటి 2018 వేలంలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఇంత విలువ ఉన్నచోట చట్రం, ఇంజను సంఖ్యల అసలుతనం ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. తొలి లోహంలో ఎంత భాగం మిగిలిందన్నది కూడా అంతే ముఖ్యం.

ఒకే కారుకు రెండు జన్మలున్న సందర్భాలలో ఈ ప్రశ్న మరింత జటిలం. సినీదర్శకుడు రోబెర్తో రోస్సెల్లినికి చెందిన ఫెరారీ 375 ఎం.ఎం. మొదట పినిన్ ఫరీనా బాడీతో వెలువడింది. తరవాత స్కాలియెట్టి దానికి వేరే బాడీ కట్టాడు. 2014లో అమెరికాలోని పెబుల్ బీచ్ ప్రదర్శనలో అగ్రబహుమతి పొందినది ఈ రెండో రూపమే. కాలక్రమంలో మొదటిదే అసలైనదని, తరవాతిది ప్రక్షిప్తమని ఇక్కడ తేల్చడం సాధ్యం కాదు. రెండూ చరిత్రే.

5. సిద్ధాంతం తెచ్చిన మార్పు:
ఇటలీలో ఈ చర్చకు బలమైన పునాది ముందే ఉంది. 1939లో రోమ్‌లో ఏర్పడిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకు తొలి సంచాలకుడైన చేజరే బ్రాందీ 1963లో తన సిద్ధాంతగ్రంథాన్ని ప్రచురించాడు. చిత్రంలో చెడిన భాగాన్ని పూరించవచ్చుగాని, దగ్గరనుంచి చూసినప్పుడు ఆ పూరణ పూరణగానే తెలియాలన్నది ఆయన ప్రతిపాదనలలో ఒకటి. 1964 నాటి వెనిస్ ఒడంబడిక, ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగాలని నిర్దేశించింది. కట్టడాలకోసం రూపొందిన ఈ ఆలోచన వాహనాలకు చేరడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. అంతర్జాతీయ ప్రాచీనవాహన సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ ఒడంబడిక, కొత్తది చేయడంకంటే ఉన్నదాన్ని నిలపడానికే ప్రాధాన్యమిచ్చింది. చేసిన పనిని నమోదుచేయాలని, మార్చిన భాగాలను గుర్తించగలిగేలా ఉంచాలని సూచించింది.

మారిన అభిరుచికి 2015 నాటి పారిస్ వేలం నిదర్శనం. పశ్చిమ ఫ్రాన్స్‌లో దశాబ్దాలపాటు దుమ్ములో పడివున్న సుమారు 60 కార్లను శుభ్రం చేయకుండానే అమ్మకానికి పెట్టారు. వాటిలో ఒక ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. ఆ దుమ్ముకు కూడా విలువ వచ్చింది.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ సమస్య కొత్తది కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులచేత పలు తాళపత్రప్రతులను పోల్పించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. శుద్ధప్రతి పాఠకుడికి సుఖంగా ఉంటుంది. పాఠాంతరాలను నమోదు చేయకపోతే మాత్రం లేఖకుల చరిత్ర అక్కడితో ముగుస్తుంది. పాతకారును బాగుచేసేవాడు కూడా ఒక పరిష్కర్తే. అతని సుత్తిదెబ్బ ఒక పాఠనిర్ణయం. పరిష్కర్త తన మూలప్రతిని పక్కన భద్రపరచగలడు. రేకుపనివాడు పనిచేసేది మూలప్రతిమీదనే కాబట్టి అతని బాధ్యత మరింత బరువైనది.

6. ముగింపు:
* ఇటలీ పాతకార్ల విలువకు, వాటి జీర్ణోద్ధరణలోని కష్టానికి మూలం ఒక్కటే: అవి ఒకదానితో ఒకటి సరిపోలని చేతిపనులు.
* కొత్తగా మెరిపించడం నుంచి ఉన్నదాన్ని నిలపడంవైపు దృష్టి మరలడంలో, చిత్రకళ, కట్టడాల పునరుద్ధరణలో ఏర్పడిన ఆలోచనకు ప్రధానపాత్ర ఉంది.
* వస్తువును కాపాడితే సరిపోదు. సబ్బుగీత నల్లబడే క్షణాన్ని గుర్తించే అనుభవం రాతలో పూర్తిగా ఇమడదు. అది గురువు పక్కన నిలబడి నేర్చుకోవలసిన విద్య. ఆ విద్య తెలిసిన చేతులు లేనినాడు, మ్యూజియంలో మిగిలిన కారు ఎలా పుట్టిందో చెప్పగలవారు కూడా ఉండరు. కనుక పనివారి జ్ఞానాన్ని నమోదుచేయడం, శిష్యులకు అందించడం కూడా జీర్ణోద్ధరణలో భాగమేనని గుర్తించాలి.